గేర్లు లేని రోజుల్లో టూర్ డి ఫ్రాన్స్ వాళ్లు టూర్మాలే ఎలా ఎక్కారు?

రెండుచక్రాలు

అందరికీ నమస్కారం. టూర్ డి ఫ్రాన్స్ పాత చరిత్ర చదువుతుంటే ఒక చోట లెక్క కుదరడం లేదు. రేసు 1910లోనే పిరనీస్ పర్వతాల్లోకి వెళ్లిందట. గేర్లు మార్చే డిరైలర్‌కు మాత్రం 1937లో గాని అనుమతి రాలేదట. అంటే 27 ఏళ్లపాటు ఆ కనుమలన్నీ గేరు మార్చే సాధనం లేకుండానే ఎక్కారా? టూర్మాలే కనుమ ఎత్తే 2,115 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 దాటదు. వీళ్లు దారి మధ్యలో అంత ఎత్తు ఎక్కి, దిగి, మళ్లీ ఇంకోటి ఎక్కేవారు.

వెనక చక్రం విప్పి తిప్పి బిగించేవారని ఒకచోట ఒక్క వాక్యం ఉంది, అంతే. చక్రం తిప్పితే గేరు ఎలా మారుతుంది? అందులో ఇబ్బందులేమిటి? డిరైలర్ అప్పటికే తయారైంది కదా, మరి ఎందుకు వద్దన్నారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "వాళ్లు ఉక్కుమనుషులు" అనే రకం జవాబులు ఇప్పటికే బోలెడు చూశాను.

పాతచైను

ముందు తేదీలు సరిచేసుకుందాం. పర్వతాలు 1910లో మొదలయ్యాయనడం సగమే నిజం. 1903లో మొదటి టూర్‌లోనే, లియోన్ నుంచి మార్సేయ్ వెళ్లే రెండో స్టేజీలో (ఒక విడత పరుగును స్టేజీ అంటారు), సెంతెతియెన్ ఊరు దాటాక 1,161 మీటర్ల కోల్ ద లా రిపబ్లిక్ ఎక్కారు. అప్పట్లో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోలేదు. రేసు నడిపిన లోటో పత్రిక "ఇదిగో మా మొదటి పర్వతం" అని చాటింపు వేసింది 1905లో, వోజ్ కొండల్లోని బాలోన్ దాల్జాస్ గురించి. పైకి ముందు చేరినవాడు రెనే పోతియే. ఆ మర్నాటి స్టేజీలోనే కాలి నొప్పితో మానుకున్నాడు. మరుసటి ఏడాది, 1906లో, టూర్ గెలిచింది అతనే.

పిరనీస్ ఆలోచన పత్రికలో పనిచేసే అల్ఫోన్స్ స్తైనెస్‌ది. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్‌కు మొదట నచ్చలేదు. స్తైనెస్ దారి చూసొస్తానని వెళ్లాడు. టూర్మాలే దగ్గర మంచు అడ్డుపడి కారు కదలకపోతే, దాన్ని వదిలేసి రాత్రిపూట నడిచి కనుమ దాటాడు. ఆ తరువాత దెగ్రాంజ్‌కు ఇచ్చిన తంతి సారాంశం: టూర్మాలే దాటాను, రోడ్డు చాలా బాగుంది, రేసు పెట్టుకోవచ్చు. పచ్చి అబద్ధం. అక్కడ ఉన్నది రోడ్డు కాదు, గులకరాళ్లూ పశువుల బాటలూ.

1910 జులై 21న లూషోన్ నుంచి బాయోన్‌కు 326 కిలోమీటర్లు. పేరెసూర్ద్, ఆస్పిన్, టూర్మాలే, ఓబిస్క్ అన్నీ ఒకే రోజు. ఆ రోజు గెలిచిన ఒక్తావ్ లాపీజ్‌కు 14 గంటల 10 నిమిషాలు పట్టింది. సగటు తీస్తే గంటకు 23 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద, ఆ బండితో, అది తక్కువ వేగం కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా జవాబు: చాలామంది మొత్తం దూరం తొక్కలేదు. నిటారు చోట్ల దిగి నెట్టుకుంటూ నడిచారు. టూర్మాలే పైకి మొదట చేరిన లాపీజ్ కూడా కొంత దూరం నడిచాడు. అతని వెనకే వచ్చిన గుస్తావ్ గారిగూ మాత్రం కాలు కింద పెట్టకుండా ఎక్కాడు, అందుకు 100 ఫ్రాంకుల బహుమతి ఇచ్చారు. దిగకుండా ఎక్కితే ప్రత్యేక బహుమతి ఇచ్చారంటేనే మిగతావాళ్ల సంగతి తెలిసిపోతుంది.

మరుసటి ఏడాది ఆల్ప్స్. గాలిబియే కనుమను అప్పట్లో 2,556 మీటర్ల ఎత్తున ఉన్న సొరంగంలోంచి దాటేవారు. ఇప్పటి రోడ్డు దాని మీదుగా 2,642 మీటర్లకు వెళ్తుంది. 1911లో అక్కడికి మొదట చేరినవాడు ఎమీల్ జోర్జే. నడవకుండా ఎక్కినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరో సంగతి. 1905 నుంచి 1912 దాకా టూర్ విజేతను సమయంతో కాదు, స్థానాలను బట్టి పాయింట్లతో తేల్చేవారు. 1910లో లాపీజ్‌కు 63 పాయింట్లు, రెండోవాడు ఫాబెర్‌కు 67, తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. కాబట్టి కనుమ మీద అరగంట వెనకబడ్డా ఒకటి రెండు స్థానాలు పోతాయంతే, కొంపేమీ మునగదు. నడవడానికి అదీ ఒక కారణం. 1913లో మళ్లీ సమయం లెక్క వచ్చాకే ప్రతి నిమిషానికీ విలువ పెరిగింది.

స్పానర్15

చక్రం తిప్పడం గురించి నేను చెబుతాను. దాన్ని సరిగ్గా వివరించేవాళ్లు తక్కువ.

వెనక హబ్‌కు రెండు వైపులా మరలు ఉంటాయి. ఒకవైపు చిన్న పళ్లచక్రం, రెండోవైపు పెద్దది. మైదానంలో చిన్నది చైన్ వైపు ఉంటుంది. ఏటవాలు మొదలయ్యే చోట బండి ఆపి, యాక్సిల్‌కు రెండు పక్కలా ఉన్న రెక్కల నట్లు వదులు చేసి, చక్రాన్ని ముందుకు తోసి చైన్ తీస్తారు. చక్రం బయటికి లాగి, ఎడమ కుడి మార్చి, పెద్ద పళ్లచక్రం మీద చైన్ వేసి, చక్రం వెనక్కి లాగి చైన్ బిగువు చూసి, రెండు గొట్టాల మధ్య నడిమికి వచ్చిందో లేదో చూసి నట్లు బిగిస్తారు. పైకి చేరాక ఇదంతా తిరగేసి. చేయి తిరిగినవాడికి నిమిషం పట్టదు.

ఇందులో మొదటి చిక్కు చైన్ పొడవు. చైన్ లింకు దూరం 12.7 మిల్లీమీటర్లు. వెనక ఒక పన్ను పెరిగితే చుట్టడానికి అర లింకు, అంటే 6.35 మి.మీ. చైన్ ఎక్కువ కావాలి. అది పైనా కిందా రెండు వరసల్లో పంచుకుంటుంది కాబట్టి యాక్సిల్ సుమారు 3.2 మి.మీ. ముందుకు జరగాలి. 18 పళ్ల నుంచి 22కు మారితే దాదాపు 13 మి.మీ. యాక్సిల్ కూర్చునే గాడి 25 మి.మీ. ఉంటే ఏడెనిమిది పళ్ల తేడా వరకే సరిపోతుంది. అంతకంటే పెద్ద పళ్లచక్రం పెట్టాలంటే చైన్‌కు లింకు కలపాలి, రేసు మధ్యలో అది కుదిరే పని కాదు.

రెండో చిక్కు చాలామందికి తట్టదు. చక్రం ముందుకీ వెనక్కీ జరిగితే బ్రేకు గుటక (రిమ్మును నొక్కి పట్టే ముక్క) రిమ్ము మీద తగిలే చోటు కూడా మారుతుంది. గుటక ఫ్రేముకు కట్టి ఉంటుంది, అది కదలదు. పెద్ద పళ్లచక్రం మీద, చక్రం ముందుకు ఉన్నప్పుడు గుటకను సరిచేసుకున్నాడనుకోండి. పైకెళ్లి చిన్న పళ్లచక్రానికి మార్చగానే చక్రం వెనక్కి జరుగుతుంది, గుటక రిమ్ము అంచు దాటి టైరు పక్కగోడకు తగులుతుంది. దిగుడులో టైరు కోసుకుపోతుంది. అందుకే గుటకను ఎప్పుడూ చిన్న పళ్లచక్రం మీదే, దిగే స్థితిలోనే సరిచూసుకోవాలి. ఎక్కేటప్పుడు అది కాస్త కిందకి తగిలినా నష్టం లేదు, ఎక్కేవాడికి బ్రేకుతో పనేముంది.

మూడోది చలి. పైన వేళ్లు మొద్దుబారితే రెక్కల నట్టు తిరగదు. 1927లో ఇటలీలో క్రోచె దావునె కనుమ మీద రేసర్ తుల్యో కంపాన్యోలోకు ఇదే జరిగిందనీ, దాంతోనే ఒక్క మీటతో విడిపోయే యాక్సిల్ తట్టిందనీ చెప్పుకుంటారు. ఆ కథను ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం, క్విక్ రిలీజ్ మాత్రం 1930లో వచ్చింది.

ఇక బలం లెక్క. ముందున్న పెద్ద పళ్లచక్రానికి, అంటే చైన్‌వీలుకు 46 పళ్లు, వెనక 18 అనుకోండి. అందరూ అదే వాడారని కాదు, లెక్క కోసం. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి 5.4 మీటర్లు కదులుతుంది. టూర్మాలేకు సాంత్ మారీ ద కాంపాన్ వైపు నుంచి 17 కిలోమీటర్లు, సగటు వాలు 7.4 శాతం. మనిషి 70 కిలోలు, బండి 15. గులకరోడ్డు ఒరిపిడి కూడా కలిపితే బండిని ముందుకు నెట్టడానికి సుమారు 75 న్యూటన్లు కావాలి. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అది 167 వాట్లే. అప్పటి మొనగాళ్లకు అదొక లెక్క కాదు.

చిక్కు వాట్లలో లేదు. ఆ గేరుతో ఆ వేగానికి పెడల్ నిమిషానికి 25 సార్లే తిరుగుతుంది. 170 మి.మీ. క్రాంక్ మీద సగటున 38 కిలోల బరువు నొక్కుతూనే ఉండాలి. పెడల్ పైనా కిందా ఉన్నప్పుడు తోపు దాదాపు సున్నా కాబట్టి మధ్యలో 70 కిలోలు దాటుతుంది. అంటే సీటు మీంచి లేచి ఒంటి బరువంతా ఒక కాలి మీద వేయాలి, మళ్లీ రెండో కాలి మీద, రెండు గంటలపాటు. మోకాళ్లు ఊరుకోవు. గులకరాళ్ల మీద లేచి నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి జారుతుంది. 46కి 22 వేస్తే పెడల్ చుట్టుకు 4.4 మీటర్లు, సగటు నొక్కుడు 31 కిలోలకు దిగుతుంది. అందుకోసమే చక్రం తిప్పేది. వాలు పది శాతం దాటితే అదీ చాలదు, దిగి నడిస్తేనే లాభం.

రెండుచక్రాలు

స్పానర్15 గారూ, బ్రేకు గుటక విషయం ఎక్కడా చదవలేదు, థాంక్సండీ. సరే, ఇంత అవస్థ ఉన్నప్పుడు డిరైలర్ ఎందుకు వద్దన్నట్టు? ఒక్క దెగ్రాంజ్ మొండితనమేనా?

గులకరోడ్డు

మొండితనం ఉంది, కాదనను. గేరు మార్చుకునే సాధనాలు 45 ఏళ్లు దాటినవాళ్లకే, కండబలంతో గెలవాలి గాని యంత్రం మాయతో కాదు, నాకు మాత్రం ఒకే గేరు చాలు అనే అర్థంలో ఆయన 1902లోనే రాశాడు. అవతలి పక్షం నాయకుడు సెంతెతియెన్‌కు చెందిన పోల్ ద వివీ. వెలోసియో అనే కలం పేరుతో ల సిక్లిస్త్ పత్రిక నడిపి, గేర్ల కోసం జీవితమంతా వాదించాడు. ఆయన స్మారక స్తంభం ఉన్నది పాతచైను గారు చెప్పిన ఆ కోల్ ద లా రిపబ్లిక్ మీదే. టూర్ ఎక్కిన మొదటి కనుమ గేర్లవాడి గుర్తును మోస్తోందన్నమాట.

అయితే దెగ్రాంజ్ లెక్క వేరే కూడా ఉంది. ఆయన అమ్మేది పత్రిక. వీరులు పర్వతంతో పోరాడితే పత్రిక అమ్ముడవుతుంది. సైకిల్ కంపెనీలు గెలిస్తే ఆయన వాటి చేతిలో కీలుబొమ్మ అవుతాడు. 1913లో ఎజేన్ క్రిస్తోఫ్ ఫోర్కు విరిగిన సంగతి వినే ఉంటారు. టూర్మాలే దిగేటప్పుడు విరిగితే, బండి భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సాంత్ మారీ ద కాంపాన్ కొలిమికి చేరాడు. ఎవరి సాయమూ తీసుకోకూడదన్నది నియమం. స్వయంగా సాగగొట్టి అతికించుకున్నాడు. కొలిమితిత్తి ఊదిన కుర్రాడి సాయం తీసుకున్నందుకు మాత్రం పది నిమిషాల శిక్ష వేశారు, తరువాత మూడుకు తగ్గించారు. మూడు గంటలకు పైగా పోగొట్టుకున్నవాడికి ఆ మూడు నిమిషాలతో ఒరిగేదేమీ లేదు. కానీ నియమం ఏ కోవదో అర్థమవుతుంది: బండి విరిగితే అది నీ తప్పే.

1930లో ఆయన ఇంకా ముందుకెళ్లాడు. కంపెనీ జట్లు తీసేసి దేశాల జట్లు పెట్టి, అందరికీ పేరు లేని పసుపు సైకిళ్లు తనే ఇచ్చాడు. ఆ ఖర్చు కోసం పుట్టిందే రేసు ముందు వెళ్లే ప్రచార వాహనాల ఊరేగింపు. ఒకే రకం బండి ఇవ్వాలనుకున్నవాడు డిరైలర్‌ను రానిస్తాడా?

1936లో దెగ్రాంజ్ అనారోగ్యంతో రేసు మధ్యలో తప్పుకుంటే నిర్వహణ జాక్ గోదే చేతికి వచ్చింది. 1937లో గోదే డిరైలర్‌కు తలుపు తెరిచాడు. ఆ ఏడాది గెలిచిన రోజే లాపెబీ వాడినది సూపర్ ఛాంపియన్, స్విట్జర్లాండ్‌కు చెందిన పాత రేసర్ ఆస్కార్ ఎగ్ పెట్టిన కంపెనీది. ఇప్పటి డిరైలర్‌లా ఉండదు. ముందు ఒకటే చైన్‌వీలు, వెనక మూడు పళ్లచక్రాలు. వెనక గొట్టానికి బిగించిన చిన్న పంగలాంటి భాగం చైన్‌ను పక్కకు తోస్తుంది. పెడళ్ల ఇరుసు దగ్గర ఒక స్ప్రింగు చేయి వదులైన చైన్‌ను పట్టి ఉంచుతుంది. స్ప్రింగు బిగువు తక్కువైతే గతుకుల్లో చైన్ ఊడుతుంది, ఎక్కువైతే ఒరిపిడి. ఒరిపిడి భయంతోనే చాలామంది రేసర్లు కూడా మొదట్లో డిరైలర్‌ను ఇష్టపడలేదు, తప్పంతా నిర్వాహకుల మీద వేయకూడదు.

ఆ భయానికి జవాబుగా వచ్చిందే స్పానర్15 గారు చెప్పిన ఆ కంపాన్యోలో వారి కాంబియో కోర్సా. నా దృష్టిలో సైకిల్ చరిత్రలో ఇంత తెలివైన, ఇంత ప్రమాదకరమైన వస్తువు ఇంకొకటి లేదు. సీటు వెనక గొట్టానికి రెండు మీటలు. తొక్కుతూనే చేయి వెనక్కి చాచి ఒక మీటతో వెనక చక్రం యాక్సిల్‌ను వదులు చేయాలి, అవును, చక్రాన్నే. తరువాత పెడల్ వెనక్కి తిప్పుతూ రెండో మీటతో చైన్‌ను పక్క పళ్లచక్రం మీదికి తోయాలి. చక్రం పళ్లున్న గాడిలో ముందుకో వెనక్కో దొర్లి చైన్ బిగువు తనే సరిచేసుకుంటుంది. అప్పుడు యాక్సిల్ బిగించాలి. బిగువు పట్టే చిన్న చక్రాలేవీ లేవు గనక ఒరిపిడి ఒకే గేరు బండిలా ఉంటుంది. బిగించడం మరిచి గట్టిగా తొక్కితే చక్రం ఒక పక్కకు గుంజుకుని ఫ్రేముకు రాసుకుంటుంది. 1948లో 34వ ఏట జీనో బార్తాలి టూర్ గెలిచింది దీంతోనే. ఆ ఏడాది లూయిజోన్ బోబే కంటే 21 నిమిషాలు వెనకబడి, ఆల్ప్స్‌లో వరసగా మూడు స్టేజీలు గెలిచాడు.

జిగురుడబ్బా

అందరూ ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. ప్రాణాలు పోయేది దిగేటప్పుడు.

టూర్మాలే నుంచి లూజ్ ఊరికి 1,400 మీటర్ల దిగుడు. మనిషీ బండీ కలిపి 85 కిలోలైతే ఆ ఎత్తులో దాగిన శక్తి దాదాపు 11.7 లక్షల జౌళ్లు. అందులో సగం గాలికి పోయినా, మిగతా సగం బ్రేకుల్లో వేడిగా మారితే ఒకటిన్నర లీటరుకు పైగా చన్నీళ్లను మరిగించవచ్చు. ఆ వేడి ఎక్కడికి పోవాలి?

పాత రిమ్ములు చెక్కవి. చెక్క వేడిని లోపలికి పోనివ్వదు, గుటక కాలుతుంది గాని టైరు కింద జిగురు చల్లగానే ఉంటుంది. కాని తడిస్తే బ్రేకు పట్టదు, చెక్క ఉబ్బి వంకర పోతుంది. 1930లలో అల్యూమినియం మిశ్రమం రిమ్ములు వచ్చాయి. 1934లో ఆంతోనాన్ మాన్యే అలాంటి రిమ్ముకు చెక్క రంగు పూసి ఎవరికీ తెలియకుండా వాడి గెలిచాడని మావిక్ కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. తేలిక, గట్టి. కాని లోహం వేడిని నేరుగా జిగురుకు అందిస్తుంది. ట్యూబులర్ టైరు రిమ్ముకు అంటుకుని ఉండేది జిగురుతోనే. అది మెత్తబడితే మలుపులో టైరు పక్కకు దొర్లి ఊడిపోతుంది. 1935లో స్పెయిన్ రేసర్ ఫ్రాన్సిస్కో సెపేదా గాలిబియే దిగుడులో పడి చనిపోయాడు. రేసులో పడి చనిపోయిన మొదటి టూర్ రేసర్ అతనే. అప్పుడు అనుమానం పడింది ఈ కొత్త రిమ్ముల మీదే.

జిగురు పని తెలిసినవాళ్లు పాటించేది ఇది: పాత జిగురు గడ్డలు గీకేయాలి. రిమ్ముకు పలచగా ఒక పూత, ఆరాక రెండోది. టైరు అడుగు పట్టీకి కూడా పూత పెట్టి ఆరనివ్వాలి. ఆఖరి పలచటి పూత తడిగా ఉండగానే టైరు ఎక్కించి, సరిచేసి, గాలి నింపి ఒక రాత్రి వదిలేయాలి. మందంగా ఒకేసారి పూస్తే పైన ఆరి లోపల పచ్చిగా మిగులుతుంది, మొదట వేడెక్కి జారేది అదే. దారిలో పంక్చరై మార్చుకున్న టైరు పాత జిగురు బంకతో మాత్రమే నిలుస్తుంది. ఆ టైరుతో దిగుడులో వాలి మలుపు తిప్పకూడదు. పాత ఫొటోల్లో భుజాల మీద ఎనిమిది అంకెలా చుట్టుకున్నవి ఈ టైర్లే.

టైర్ల మాటొచ్చింది కాబట్టి: 1951 జులై 17న హాలండ్‌కు చెందిన విమ్ వాన్ ఎస్త్, మొత్తం రేసులో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీతో, ఓబిస్క్ దిగుతూ 70 మీటర్ల లోయలో పడ్డాడు. పెద్దగా దెబ్బలు తగల్లేదు. జట్టు దగ్గరున్న ట్యూబులర్లన్నీ ఒకదానికొకటి ముడేసి తాడులా వదిలి పైకి లాగారు. సాగిపోయిన టైర్లు ఇక రిమ్ములకు బిగువుగా పట్టలేదు, జట్టంతా ఇంటికి పోయింది.

ఈ జబ్బు పాతకాలంతో పోలేదు. 2003 జులై 14న గాప్ దగ్గర ఎండకు తారు కరిగిన దిగుడులో హోసెబా బెలోకి వెనక చక్రం జారింది, టైరు రిమ్ము వదిలేసింది. తొడ ఎముక, మోచేయి, మణికట్టు విరిగాయి. వెనకే ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ పొలంలోంచి అడ్డంగా దిగి రోడ్డెక్కాడు. కార్బన్ రిమ్ములు వచ్చాక వేడి ఇంకా మొండిగా నిలిచింది, కార్బన్ వేడిని త్వరగా వదలదు. డిస్క్ బ్రేకు అసలు లాభం తక్కువ దూరంలో ఆగడం కాదు. వేడిని రిమ్ము నుంచి, టైరు నుంచి దూరంగా తీసుకుపోవడం. వృత్తి రేసుల్లో దానికి పూర్తి అనుమతి 2018లో వచ్చింది.

పాతచైను

జిగురుడబ్బా గారు అన్నీ సరిగ్గా చెప్పారు. లాపీజ్ గురించి ఒక సవరణ. "మీరు హంతకులు" అని నిర్వాహకుల మీద అరిచింది టూర్మాలే పైన అని చాలాచోట్ల రాస్తారు. అది ఓబిస్క్ దగ్గర. ఆ రోజు దెగ్రాంజ్ అక్కడ లేడు, తన బదులు పెట్టిన విక్టర్ బ్రేయర్ కనుమ దగ్గర కాచుకుని ఉన్నాడు. మొదట వచ్చినవాడు ఫ్రాంస్వా లాఫుర్కాద్, పలకరిస్తే పలకలేదు. చాలాసేపటికి బండి నెట్టుకుంటూ వచ్చిన లాపీజ్ ఆ మాట అన్నాడు. ఆ తరువాత దిగి, లాఫుర్కాద్‌ను పట్టుకుని, స్టేజీ గెలిచాడు. మధ్యలో వదిలేసినవాళ్లను ఏరుకుంటూ చివర వచ్చే చీపురు బండి కూడా ఆ ఏడాదే మొదలైంది.

ఇంకొకటి. డిరైలర్ వచ్చాక పర్వతాల రేసు తీరే మారింది. దాని ముందు స్టేజీలు పొడవుగా ఉండేవి, కొండ దిగాక ఇంకా వంద కిలోమీటర్లు మిగిలేవి. 1926 జులై 6న బాయోన్ నుంచి లూషోన్ స్టేజీని తుఫానులో లూసియాన్ బైస్ 17 గంటల 12 నిమిషాలకు గెలిచాడు. అది ఓర్పు పరీక్ష. 1952లో మొదటిసారి స్టేజీలను కొండ మీదే ముగించారు: ఆల్ప్ దుయెజ్, సెస్త్రియేర్, ప్యూయి ద దోమ్. మూడూ ఫౌస్తో కొప్పీవే. ఆల్ప్ దుయెజ్ 13.8 కిలోమీటర్లు, 8.1 శాతం, 21 మలుపులు. గేర్లు లేకుండా అలాంటి ముగింపు పెడితే చూసేవాళ్లకు కనిపించేది సైకిళ్లు నెట్టుకుంటూ నడిచే మనుషులే. గేర్లను కాదన్నవాడి రేసుకు ఇప్పుడు పేరు తెచ్చేవి గేర్లతో తప్ప సాధ్యం కాని ముగింపులు.

రెండుచక్రాలు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చివరిగా రెండు చిన్న ప్రశ్నలు. ఎవరు ముందు పైకి చేరితే ఎన్ని పాయింట్లు? ఇప్పటివాళ్ల గేరును స్పానర్15 గారు అదే లెక్కతో చూపిస్తారా?

గులకరోడ్డు

పర్వతాల రాజు పోటీ 1933లో మొదలైంది, మొదటి విజేత స్పెయిన్‌కు చెందిన విసెంతె త్రువేబా. ఎక్కడంలో మెరుపు, దిగడంలో అంతంతమాత్రం. పైన సంపాదించింది కిందికి వచ్చేసరికి పోగొట్టుకునేవాడు. ఎర్రచుక్కల జెర్సీ మాత్రం 1975లో వచ్చింది. కొండలు నాలుగో తరగతి నుంచి ఒకటో తరగతి దాకా, ఆ పైన 1979 నుంచి తరగతికి మించినవి. పైకి మొదట చేరినవాడికి నాలుగో తరగతిలో 1, మూడులో 2, రెండులో 5, ఒకటిలో 10, తరగతికి మించినదానిలో 20. ఆ అంకెల వల్లే, మొత్తం రేసు గెలవలేనివాడు కూడా పొద్దున్నే విడిపోయి పెద్ద కనుమలు ఏరుకుంటూ జెర్సీ కొట్టేయగలడు.

స్పానర్15

అదే టూర్మాలే, అదే 70 కిలోల మనిషి, బండి 7 కిలోలు. వృత్తి రేసుల్లో కనీస బరువు 6.8 కాబట్టి అంతకు తగ్గదు. నున్నటి తారు రోడ్డు. నెట్టడానికి 60 న్యూటన్లు చాలు. 34కి 30 వేస్తే పెడల్ చుట్టుకు 2.4 మీటర్లు, సగటు నొక్కుడు 14 కిలోలు. 1910 నాటి 38తో పోల్చుకోండి. గంటకు 8 కిలోమీటర్లే వెళ్లినా పెడల్ నిమిషానికి 56 సార్లు తిరుగుతుంది, సీటు మీద కూర్చునే ఎక్కొచ్చు.

పోటీదారులు మాత్రం అంత చిన్న గేరు వాడరు. గంటకు 20 కిలోమీటర్లతో ఎక్కేవాడు 40కి 23 వేసుకుంటే చుట్టుకు 3.65 మీటర్లు, నిమిషానికి 91 చుట్లు. 34కి 30 మీదే ఉంటే 140 తిప్పాలి, అది ఎవరివల్లా కాదు. కాబట్టి వాళ్ల గేర్లు చూసి మీ బండికి కొనకండి. మీరు ఘాట్ రోడ్డు ఎక్కే వేగాన్ని నిమిషానికి మీటర్లలోకి మార్చి, 70తో భాగించండి. వచ్చిన మీటర్లను 2.1తో భాగిస్తే ముందు పళ్లకూ వెనక పళ్లకూ ఉండాల్సిన నిష్పత్తి వస్తుంది. గంటకు 9 కిలోమీటర్లు అంటే నిమిషానికి 150 మీటర్లు, చుట్టుకు 2.14, నిష్పత్తి 1.02. అంటే ముందు 34 ఉంటే వెనక 34 కావాలి. వెనక 34 పెడితే డిరైలర్ చేయి పొడవు సరిపోతుందో లేదో ముందు చూసుకోండి. పొట్టి చేయి ఉన్నదానికి 34 ఎక్కిస్తే పెద్ద చైన్‌వీలుతో కలిసినప్పుడు చైన్ చాలక డిరైలర్ చువ్వల్లోకి లాక్కుపోతుంది.